నాయన ఏడుసార్లు పాడిన పద్యం

మా నాయన భారతం చెప్పేవాడు. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు. మిగతావాళ్ళకు కాస్త వివరం కావాలి. ఎండలు ముదిరాక మా వైపు ఊళ్ళలో ద్రౌపదమ్మ గుడి ముందు జెండా ఎక్కిస్తారు. అక్కణ్ణుంచి పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. నాయనది మధ్యాహ్నం పని. తాటాకు పందిరి కింద జనం తువ్వాళ్ళతో విసురుకుంటూ కూర్చుంటే, ఈయన కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, చేతిలో చిడతలతో నిలబడి పొద్దు వాలేదాకా చెప్పేవాడు. ఒక ఊళ్ళో అయిపోతే ఇంకో ఊరు. ఎండాకాలం పోయాక పాకాల దగ్గర మా పల్లెలో చెరుకూ చెనిక్కాయలూ పండించుకునేవాడు.

నాకు పాట రాలేదు. నేను నోరు విప్పితే మా ఆవిడ లేచి టీవీ శబ్దం పెంచుతుంది. నాకు వచ్చిందల్లా మిషన్ల పిచ్చి. తొంభైలలో తిరుపతిలో క్యాసెట్లు నింపే కొట్టు పెట్టాను. పాటల పేర్లు కాగితం మీద రాసిస్తే మర్నాటికి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. సీడీలొచ్చి ఆ కొట్టు ఈగలు తోలుకునే స్థితికి వచ్చాక, మేం అద్దెకున్న ఇంటి మేడమీద గదిలో చిన్న రికార్డింగు మొదలుపెట్టాను. గదిలో ఒక మూల చెక్కలతో అర కట్టించి, లోపల గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించాను. భజన బృందాలు, ఎన్నికల పాటలు, ఆటోలో తిప్పే ప్రకటనలు, ఏది వస్తే అది చేసేవాణ్ణి.

అలా ఊరందరి గొంతులూ ఎక్కించాను గానీ, మా నాయన గొంతు నా దగ్గర ఒక్క క్యాసెట్టులో కూడా లేదు. ఆయనే ఒప్పుకోలేదు. భారతం ఇంట్లో వినబడకూడదని మావాళ్ళ పట్టింపు. వినబడితే అన్నదమ్ములు కొట్టుకుంటారంటారు. జెండా ఎక్కిన గుడి ముందు తప్ప ఇంకెక్కడా చెప్పకూడదు, జెండా దిగాక ఎత్తకూడదు. "క్యాసెట్టు చేసిస్తే ఎవుడో ఒకడు వంటింట్లో పెట్టుకోని వింటాడు. వాళ్ళ సంసారం ఇరిగిపోతే ఆ పాపం ఎవురిదిరా?" అనేవాడు. ఆ పాపం నాకు మాత్రం ఎందుకని నేనూ ఊరుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, ఒక ఎండాకాలం చివర్లో నాయన గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి అలా అయిందనుకున్నాం. మిరియాలూ కరక్కాయా మింగించాం. వానలు పడ్డా తగ్గకపోతే వేలూరులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. తమిళం కలిసిన తెలుగులో డాక్టరమ్మ చాలా మెల్లగా చెప్పింది. గొంతులో గడ్డ ఉంది, మాట వచ్చే భాగాన్ని మొత్తం తీసేయాలి, మనిషి దక్కుతాడు, మాట దక్కదు. ఆపరేషనుకు పన్నెండు రోజుల తర్వాత రమ్మంది. అప్పటిదాకా ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిదని కూడా చెప్పింది.

వేలూరు పక్కన కాట్పాడిలో తిరుగు రైలెక్కాక నాయన కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉండిపోయాడు. చిత్తూరు దాటాక ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, పట్టాభిషేకం ఒకటి పెట్టుకుందాంరా మిషన్లో," అన్నాడు. "అది మంగళం కదా. ఇంట్లో విన్నా ఏం గాదు."

ధర్మరాజు పట్టాభిషేకం పద్దెనిమిదో రోజు కథ. యుద్ధమంతా అయిపోయి, చావాల్సినవాళ్ళు చచ్చి, మిగిలినవాళ్ళు స్నానాలు చేసి కొత్తబట్టలు కట్టుకునే ఘట్టం. చిన్నప్పుడు పందిట్లో నాయన దాన్ని చెప్తుంటే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వడం నాకు గుర్తుంది. నేను తల ఊపాను. ఏడుపొస్తుందేమోనని లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

ఇక్కణ్ణుంచి తప్పంతా నాదే.

నాయన వెనక ఇరవై ఏళ్ళు మృదంగం వాయించిన ఆయన రెండేళ్ళ ముందే చనిపోయాడు. అప్పట్నుంచీ ఏ ఊళ్ళో కథ ఉంటే ఆ ఊళ్ళో దొరికినవాడే వాయించేవాడు. మృదంగం లేకుండా నాయన కథ ఎత్తడు. వేరే మనిషి కోసం వెతకొచ్చు. కానీ నా బుర్ర మిషన్ల వైపే పరిగెత్తింది. అప్పుడే కొత్తగా ఒక రకం కీబోర్డు వస్తోంది. దానికి సొంత శబ్దం ఉండదు. కంప్యూటరుకు యూఎస్‌బీ తీగతో తగిలిస్తే, కంప్యూటర్లో ఉన్న ఏ వాయిద్యాన్నయినా దాని మీద పలికించొచ్చు. హార్మోనియానికి ఉన్నట్టు వరసగా మెట్లు, పక్కన పదహారు రబ్బరు బిళ్ళలు. బిళ్ళ మీద వేలితో కొడితే మృదంగం, మెట్టు నొక్కి పట్టుకుంటే శ్రుతి. మైకు గుచ్చే రంధ్రం, చెవిలో పెట్టుకునే హెడ్‌ఫోన్ల రంధ్రం కూడా దానికే ఉన్నాయి. ఒకే పెట్టెలో అన్నీ. చెన్నై వెళ్ళి కొనుక్కొచ్చాను, దానికోసం కొత్త లాప్‌టాప్ కూడా. నాయన గొంతు పాత డబ్బాల్లో కాకుండా సినిమా పాటంత శుభ్రంగా ఉండాలని నా ఆశ. మొత్తం సర్దుకునేసరికి పన్నెండు రోజుల్లో ఎనిమిది అయిపోయాయి.

ఆ ఎనిమిది రోజులూ పల్లెలో నాయన మౌనం పాటించాడు. డాక్టరమ్మ తక్కువ మాట్లాడమంటే ఈయన అసలే మానేశాడు. అన్నం కావాలంటే చెయ్యి చూపించడం, నీళ్ళు కావాలంటే చెంబు తట్టడం. ఉన్న కాస్త గొంతునూ పట్టాభిషేకం కోసం దాచుకున్నాడు. తొమ్మిదో రోజు పొద్దున పాకాలలో రైలెక్కి ఒక్కడే వచ్చాడు, చిడతల సంచీ భుజాన వేసుకుని. స్నానం చేసి, నామం పెట్టుకుని, మా ఆవిడ ఇచ్చిన వేడినీళ్ళు తాగి మేడెక్కాడు. బల్లమీద కొత్త పెట్టెను చూసి ఒక రబ్బరు బిళ్ళను వేలితో నొక్కాడు.

"ఇదేనా మృదంగం?" అని నవ్వాడు. ఎనిమిది రోజుల తర్వాత ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే. బొంగురుగా ఉన్నా, గట్టిగానే ఉంది.

అరలో ఆయన్ను కూర్చోబెట్టి మైకు పెట్టాను. మైకునూ నా హెడ్‌ఫోన్లనూ కొత్త పెట్టెకే గుచ్చాను. ఊపిరాడటం లేదంటే తలుపు సగం తెరిచే ఉంచాను. నేను బయట లాప్‌టాప్ ముందు కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రికార్డు బొత్తాం నొక్కి, "ఏదైనా ఒక ముక్క పలుకు నాయనా, వస్తా ఉండాదో లేదో సూస్తా," అన్నాను.

ఇంకెవరైనా అయితే హలో, హలో అంటారు. నాయన గణపతి పద్యం ఎత్తుకున్నాడు. కథకు ముందు ఆ పద్యమే ఆయనకు మైకు పరీక్ష. పైగా ఎత్తుకున్న పద్యాన్ని మధ్యలో ఆపడం ఆయన లెక్కలో మహా అపచారం. ఇల్లు తగలబడినా నాలుగో పాదం అయ్యాకే లేస్తాడు. పాదం పాదానికీ రాగం తీస్తూ, పైకి వెళ్ళి కిందికి దిగి, రెండు మూడు నిమిషాలు పాడతాడు.

హెడ్‌ఫోన్లలో చిన్న చప్పుడు కూడా లేదు.

మైకు స్విచ్చి ఆపేసి ఉందేమో చూశాను. లేదు. మైకు తీగ మార్చాను. "ఇంకోసారి నాయనా." రెండోసారి పాడాడు. రాలేదు. తెర మీద శబ్దాన్ని చూపించే గీత మాత్రం సన్నగా అదురుతోంది. మా ఇంట్లో కరెంటుకు ఎర్తు సరిగ్గా లేదు, లాప్‌టాప్ ముట్టుకుంటేనే జివ్వుమనేది. ఆ అదురు కరెంటు రొద అనుకున్నాను.

కీబోర్డు దీపం వెలిగి ఆరుతూ ఉంది. యూఎస్‌బీ తీగను నేరుగా లాప్‌టాప్‌కు కాకుండా ఒక చిన్న చీలిక డబ్బాకు గుచ్చాను, మౌసు, పెన్‌డ్రైవు కూడా దానికే ఉన్నాయి. కరెంటు చాలడం లేదని పెరికి నేరుగా గుచ్చాను. కంప్యూటరు ఇదేదో కొత్త వస్తువు అంది. దాంతోపాటు వచ్చిన సీడీ పెట్టమంది. పెట్టాను. ఆపి మళ్ళీ వెయ్యమంది. వేశాను. మూడోసారి పాడాడు. రాలేదు. సీడీ నుంచి కంప్యూటర్లోకి ఎక్కినదాన్ని తీసేసి మళ్ళీ ఎక్కించాను. నాలుగోసారి. రాలేదు.

నాకు కోపమొస్తే నోరు ఊరుకోదు. మిషన్ను తిడుతూ, అమ్మినవాణ్ణి తిడుతూ, బల్ల గుద్దుతూ ఉన్నాను. లోపలినుంచి నాయన తొంగి చూశాడు.

"ఒరే, ఆడ టేపురికార్డరు ఉండాది కదా. దాంట్లో పెట్టకూడదా?"

అల్మారా మీద నా పాత కొట్టు నాటి డెక్కు ఉంది. ఖాళీ క్యాసెట్లు కూడా సొరుగులో ఉన్నాయి. ఒక మైకు గుచ్చి రెండు బొత్తాలు కలిపి నొక్కితే చాలు. దానికి యూఎస్‌బీ వద్దు, సీడీ వద్దు.

"క్యాసెట్టు ఇప్పుడెవురు ఇంటారు నాయనా? ఉండు, అయిపోతాది," అన్నాను.

ఆయన తల వెనక్కి తీసుకుని మైకు ముందు సర్దుకున్నాడు. మిషన్ల సంగతి కొడుక్కు తెలుసని ఆయన నమ్మకం.

తీగ మీద అనుమానం వచ్చింది. ఆ కీబోర్డుకు వేసేది ప్రింటరుకు వేసే తీగే, ఒక కొస చదరంగా ఉంటుంది. కింద వీధిలో జిరాక్సు అంగడికి పరిగెత్తి వాళ్ళ ప్రింటరు తీగ అడుక్కొచ్చాను. అది తగిలించి ఒక బిళ్ళను కొడితే "ధీం" అని మృదంగం పలికింది. నా ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ ధీం హెడ్‌ఫోన్లలో పలకలేదు, లాప్‌టాప్ సొంత స్పీకర్లలోంచి వచ్చింది. తెలివున్నవాడికి అక్కడే వెలగాలి. నాకు వెలగలేదు. ఐదోసారి పాడమన్నాను. మా ఆవిడ వేడినీళ్ళు తెచ్చి అర వైపు చూసి, "మామకు ఆయాసం వస్తా ఉండాది, సూడు," అంది. "నువ్వు కిందికి పో," అన్నాను.

ఆరోసారి మూడో పాదంలో పైకి వెళ్ళేచోట గొంతు చీలింది. నాయన దగ్గాడు, ఆగాడు. నేను మళ్ళీ రికార్డు నొక్కేసరికి, ఆగినందుకు లెంపలేసుకుని మొదటినుంచి ఎత్తుకున్నాడు. అది ఏడోసారి. నాలుగో పాదానికి వచ్చేసరికి మాటలు తెలుస్తున్నాయి గానీ రాగం లేదు. దాన్నీ పూర్తి చేశాడు.

అప్పుడు కనబడింది. పాట ఎక్కించే ప్రోగ్రాములో, పైన ఒక మెనూ లోపల ఇంకో మెనూలో, రెండు పేర్లు ఉన్నాయి. మొదటిది లాప్‌టాప్ సొంత మైకు, స్పీకర్లు. రెండోది నా కొత్త పెట్టె. టిక్కు మొదటిదాని దగ్గర ఉంది. ఒక్క నొక్కు. హెడ్‌ఫోన్లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. అరలో నాయన పంచె సర్దుకోవడం, గుటక మింగడం, ముక్కుతో గాలి పీల్చడం నా చెవి పక్కనే జరిగినట్టు వినబడ్డాయి.

"వచ్చింది నాయనా! వచ్చింది! ఇంక చెప్పు!" అని ఎగిరినంత పని చేశాను.

నాయన చిడతలు వేళ్ళకు తొడుక్కున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచాడు. గాలి వచ్చింది. గొంతు సవరించుకుని మళ్ళీ తెరిచాడు. మళ్ళీ గాలే. హెడ్‌ఫోన్లలో ఆ గాలి ఎంత శుభ్రంగా వినబడిందో చెప్పలేను. కరెంటు రొద కూడా లేదు.

సాయంత్రం దాకా చూశాం, మర్నాడూ ఆ మర్నాడూ చూశాం. వేడినీళ్ళు, తేనె, ఆవిరి. రాలేదు. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి గొంతు లేదని కాదు. చేత్తో కూడా ఏమీ అనలేదు. పన్నెండో రోజు వేలూరు వెళ్ళాం.

ఆపరేషను బాగా జరిగింది. మెడకు ముందు చిన్న రంధ్రం, దాని మీద ఎప్పుడూ తెల్ల గుడ్డ. నాయనకు ఒక నోటుబుక్కు కొనిచ్చాను. ఆయన అక్షరాలు గుండ్రంగా, దూరం దూరంగా ఉండేవి. మనిషి బాగా చిక్కినా సేద్యం మానలేదు. ఎండాకాలం రాగానే పక్క ఊరి భారతం పెద్దలు మా పల్లెకు వచ్చారు. చెప్పేవాడు వేరే అయినా, పందిట్లో వచ్చి కూర్చుంటే చాలని నాయనను పిలవడానికి. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. వాళ్ళలో ఒకాయన, కొడుకు రికార్డింగు పెట్టుకున్నాడు కదా, నీ కథ ఏమన్నా ఎక్కించినాడా అని అడిగాడు. నాయన నోటుబుక్కు తీసి రాసి చూపించాడు. నేను పక్కనుంచి చదివాను.

"శానా కష్టపడినాడప్పా మావోడు. నా గొంతే అప్పటికి అయిపోయుండాది. మిషనుకు ఎక్కలేదు."

వాళ్ళు వెళ్ళిపోయాక నాయనకు విడమరిచి చెప్పాను. తప్పు నీ గొంతుది కాదు, నేను సరైన బొత్తాం చూసుకోలేదు అని. ఆయన నా వీపు తట్టాడు. ఓదార్చడానికి అంటున్నాననుకున్నాడు. ఆ నవ్వు చూసి నాకు తెలిసిపోయింది, నమ్మలేదు.

ఆ తర్వాత రెండు నెలలకు, లాప్‌టాప్ నిండిపోయి పనికిరానివి తుడిచేస్తుంటే, ప్రోగ్రాము తనంతట తాను దాచుకున్న ఫైళ్ళు కనబడ్డాయి. ఏడు ఉన్నాయి. నేను రికార్డు నొక్కిన ప్రతిసారీ, టిక్కు అక్కడే ఉంది కాబట్టి, అది లాప్‌టాప్ సొంత మైకుతోనే ఎక్కించింది. తెర మీద సన్నగా అదిరిన గీత కరెంటు రొద కాదు. హెడ్‌ఫోన్లు వేరే పెట్టెకు గుచ్చుకుని కూర్చున్నాను కాబట్టి నాకు వినబడలేదు, అంతే.

మొదటిది పెట్టాను. నాయన గొంతు ఉంది. సగం తెరిచిన తలుపు అవతలినుంచి, పక్క వీధిలో పాడుతున్నట్టు. చిన్నగా ఉన్నా నిండుగా ఉంది. రాగం ఎక్కడా తప్పలేదు. దాని మీద, మైకుకు జానెడు దూరంలో ఉన్న నా గొంతు. "రాలేదే... దీనెమ్మ... ఏమైంది దీనికి..." కుర్చీ కిర్రుమనడం, మౌసు టకటక, నా నిట్టూర్పులు. నాయన ఒక పాదం ఎత్తినప్పుడల్లా నేను ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను.

నాలుగో ఫైలులో ఆయన పైస్థాయికి వెళ్ళాడు. ఆ రోజు పాడినవాటిలో అదే అన్నిటికన్నా బాగా వచ్చింది. సరిగ్గా అక్కడ నా గొంతు గట్టిగా అరిచింది: "అబ్బా, కాసేపు ఆపు నాయనా! నీ పద్యం ఒకటి నా పానానికి!"

అలా అన్నట్టు నాకు గుర్తే లేదు. ఇప్పటికీ గుర్తు లేదు, విన్నాను కాబట్టి తెలుసు. ఆ అరుపు తర్వాత ఒక్క క్షణం కూడా తెగకుండా నాయన పాడుతూనే ఉన్నాడు. నాలుగో పాదం పూర్తి చేసి, "ఎక్కిందా రా?" అని అడిగాడు. ఆ తర్వాత ఫైలులో ఉన్నది నా మౌసు టకటకే.

అది వినిపిస్తే నాయన నమ్మేవాడు. తన గొంతు అప్పటికి పోలేదని, మిషనుకు ఎక్కిందని, ఏడుసార్లూ ఎక్కిందని తన చెవులతో వినేవాడు. కానీ నా అరుపు కూడా వినాలి. ముందు నా గొంతు తీసేసి తర్వాత వినిపిద్దామనుకున్నాను. వారం రోజులు అదే పని. నా మాటను తుడిస్తే దాని కింద ఉన్న ఆయన పాదం కూడా తుడిచిపెట్టుకుపోయేది. రెండూ ఒకే మైకులో కలిసి ఎక్కాయి, విడదీయడం నా వల్ల కాలేదు.

ఆ రోజుల్లోనే నాయన చూపించుకోవడానికి వేలూరు వెళ్ళివస్తూ మా ఇంట్లో దిగాడు. మెల్లగా మేడెక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. లాప్‌టాప్ వైపు వేలు చూపించి, చెవి ముట్టుకుని, కనుబొమ్మలు ఎగరేశాడు. ఆ రోజుది ఏమన్నా ఉండాదా అని. నోటుబుక్కు అక్కర్లేకుండానే అర్థమైంది.

ఏడు ఫైళ్ళూ తెర మీదే ఉన్నాయి. ఆయనకు చదవడం వచ్చు గానీ ఇంగ్లీషు రాదు.

"ఏం లేదు నాయనా," అన్నాను.

తల ఊపి, మెట్లు పట్టుకుని దిగి వెళ్ళిపోయాడు. ఆ మరుసటి ఏడు, పట్టాభిషేకం అయిన వారానికి, మా పల్లెలో పోయాడు. తన గొంతు తనకన్నా ముందే, ఆ పొద్దు మేడమీదికి వచ్చేనాటికే చచ్చిపోయి ఉందని నమ్ముతూ పోయాడు.

పోలేదు నాయనా. ఏడుసార్లూ ఉండాది. నువ్వు పాడతా ఉంటే నేనే అడ్డం మాట్లాడినాను. నువ్వు అడిగితే లేదని చెప్పినాను.